బురదలో జరిగిన సన్మానం

కొండ కింద, గెడ్డ ఒడ్డున, జంతువులన్నీ కలిసి కట్టుకున్న పట్నం ఒకటి ఉండేది. కొండ మీంచి దిగే వాగుని ఆ వైపు గెడ్డ అంటారు కాబట్టి దాని పేరు గెడ్డపట్నం. ఎవరైనా పొరపాటున “మీ ఊరు” అంటే అక్కడి మేకలు కూడా కొమ్ములు విసిరేవి. “ఊరేమిటి, పట్నం! మాకు పురసభ ఉంది, తెలుసా?” అనేవి.

పురసభ ఉన్నమాట నిజమే. అధ్యక్షురాలు ఏనుగు వేదవల్లమ్మ. ఆవిడ కూర్చుంటే సభ నిండేది, లేస్తే ముగిసేది. కార్యదర్శి నక్క చిదానందం. పురసభ కాగితం మీద పడే ప్రతి అక్షరమూ ఆయన చేతిమీదుగా పడాల్సిందే. ఇక నీళ్ళూ మురుగూ చూసే అధికారి గాడిద బంగారయ్య. పేరుకి అధికారి, పని మాత్రం అచ్చమైన గాడిద చాకిరీ.

పట్నం మొత్తానికి పల్లంగా ఉండేది పల్లపువీధి. ఎగువ వీధుల్లో ఎవరు కాళ్ళు కడుక్కున్నా, ఎవరు కుండలు తోమినా ఆ నీళ్ళన్నీ ఈ వీధి కాలువలోకే వచ్చి, చివరన ఉన్న రాతి తూములో దూరి, గెడ్డలో పడాలి. తూము పారితే అది వీధి, పారకపోతే చెరువు. అందుకే బంగారయ్య రోజూ తెల్లవారగానే వచ్చి తూము దగ్గర మోకాళ్ళ మీద వంగేవాడు. పొడుగాటి చెవి ఒకటి లోపలికి పెట్టి నీళ్ళ చప్పుడు వినేవాడు. చప్పుడు సాఫీగా ఉంటే తల ఊపుకుంటూ పోయేవాడు. లేకపోతే మారు మాట్లాడకుండా అందులోకి దిగేవాడు.

ఆ వీధిలో మూడో గూడు కోడి మంగతాయిది. నోరు కాస్త పెద్దది. “మంగతాయి నోట్లో నువ్వుగింజ నానదు” అని చుట్టుపక్కలవాళ్ళు అనుకునేవారు గానీ, ఎవరింట్లో ఏ ఆపద వచ్చినా మొదట రెక్కలు ఎగదోపుకుని వచ్చేది కూడా ఆవిడే.

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొండ మీద కుండపోతగా కురిసింది. ఎగువ నుంచి తుప్పలూ దుంగలూ కొట్టుకొచ్చి తూముకి అడ్డం పడ్డాయి. చూస్తూండగానే నీళ్ళు గూళ్ళ గుమ్మాలెక్కాయి. అప్పుడు మంగతాయి పదకొండు గుడ్ల మీద పొదిగి కూర్చుని ఉంది. లేస్తే గుడ్లు చల్లబడతాయి, లేవకపోతే తనే మునుగుతుంది. ఏం చెయ్యాలో తోచక గొంతు చించుకుని అరుస్తోంటే వానలో తడుస్తూ బంగారయ్య వచ్చాడు.

“లేవకు తల్లీ, గంపతో సహా ఎక్కు” అని వీపు వంచాడు. గడ్డి, గుడ్లు, మంగతాయి, అన్నింటినీ ఒక్క గంపలో మోసుకుపోయి మేక సింహాద్రి ఇంటి అరుగు మీద దింపాడు. దింపి కూర్చోలేదు. వెనక్కి తిరిగి మెడలోతు నీళ్ళలో తూము దగ్గరకి వెళ్ళాడు. మధ్యాహ్నం దిగినవాడు పొద్దు వాలేదాకా పైకి రాలేదు. ఒక్కొక్క దుంగనీ డెక్కలతో తన్ని, పళ్ళతో లాగి, చివరికి తూము పారించాడు. ఆ తరవాత నెలరోజులు దగ్గాడు. మంగతాయి గుడ్లు మాత్రం పదకొండుకి పదకొండూ పిల్లలయ్యాయి.

అది జరిగి ఏడాది తిరగకుండానే కాకి నూకరాజు వీధి వీధికీ తిరిగి దండోరా వేశాడు.

“వినండహో! పట్నానికి నిస్వార్థంగా సేవ చేసిన అధికారి ఒకరికి పురసభ సన్మానం చేస్తుందహో! శాలువా, పూలదండ, సన్మానపత్రం! పైగా ఆ అధికారి అడిగిన కోరిక ఒకటి పురసభ కాదనకుండా తీరుస్తుందహో! ఎవరికి చెయ్యాలో మీ వీధుల నుంచి అర్జీ పెట్టుకోండహో!”

మంగతాయికి ఆ రోజు గింజలు సహించలేదు. “ఇంకెవరికమ్మా, మన బంగారయ్యగారికే!” అంటూ గూడు గూడుకీ వెళ్ళింది. పల్లపువీధిలో నలభై గడపలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. చిక్కల్లా ఒక్కటే. అర్జీ రాయడం ఎవరికీ రాదు.

“నువ్వే రాయరాదూ, వదినా?” అన్నాడు సింహాద్రి.

“నేను కెలికితే గింజలు దొరుకుతాయి గానీ అక్షరాలు దొరకవు, మరిదీ. కార్యదర్శిగారి చేతే రాయిస్తాను. రాత ఆయన సొత్తు కదా.”

“నక్క వినయాన్ని నమ్మి నడుస్తున్నావు. చూసుకో.”

“చాల్లే, నీకు అందరిమీదా అనుమానమే” అని మంగతాయి ఖాళీ కాగితం ముక్కుతో పట్టుకుని పురసభ కచేరీకి పరిగెత్తింది.

చిదానందం ఆవిడని చూడగానే కుర్చీలోంచి లేచాడు. “రా రా, చెల్లెమ్మా! ఎంత ఎండన పడి వచ్చావు! కూర్చో. పిల్లలు బాగున్నారా? ఇప్పుడు కాస్త కండ పట్టి ఉంటారు, కదూ?”

“మీ దయ, బాబూ. ఒక అర్జీ రాసి పెట్టాలి.”

“నువ్వు చెప్పడమూ నేను రాయకపోవడమూనా!”

మంగతాయి చెప్పుకుంటూ పోయింది. వాన, గంప, మెడలోతు నీళ్ళు, దుంగలు, నెలరోజుల దగ్గు, ఏదీ వదల్లేదు. చిదానందం “ఆహా”, “ఓహో” అంటూ, ఒకటి రెండుసార్లు కళ్ళు కూడా తుడుచుకుంటూ రాశాడు. చివర్లో కలం ఆపాడు.

“పేరు మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో, తీరుబాటుగా రాయాలి. అది నేను రాసుకుంటాను. ముందు నువ్వు కాలిముద్ర వెయ్యి. నలభై గడపల చేతా వేయించు.”

మంగతాయి వేసింది, నలభై గడపల చేతా వేయించింది. నక్క తోక తొక్కొచ్చినంత సంబరంగా ఇంటికొచ్చి, “పని అయిపోయింది, మరిదీ!” అంది.

వారం తిరిగాక నూకరాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆహ్వానపత్రం చేతబట్టుకుని పల్లపువీధి నడిమధ్య గుంజ మీద వాలాడు. కోళ్ళన్నీ చుట్టూ మూగాయి.

“పల్లపువీధి నలభై గడపల వారి విన్నపం మీద, నిరుడు వరదలో మెడలోతు నీళ్ళలో నిలిచి ఈ వీధిని కాపాడిన మహానుభావులు, సేవాతత్పరులు, పురసభ కార్యదర్శి శ్రీ నక్క చిదానందం గారికి...”

“ఎవరికీ?” అంది మంగతాయి.

“చిదానందం గారికి” అని నూకరాజు మళ్ళీ చదివాడు. “ఇంకా ఉంది, విను. సన్మానానంతరం చిదానందం గారు కోరబోయే కోరిక. వరద ముప్పు ఉన్న పల్లపువీధి కోళ్ళ కుటుంబాలన్నిటినీ, వాటి క్షేమం దృష్ట్యా, చిదానందం గారి సొంత పెరట్లోకి తరలించుట. వాటి కాపలా బాధ్యత వారే స్వయంగా స్వీకరించుట.”

వీధిలో ఒక్క ఈక కదిలితే ఒట్టు. ముసలి పెట్ట ఒకావిడ కూర్చున్నచోటే కళ్ళు తేలేసింది. మంగతాయి పదకొండు పిల్లల్నీ రెక్కల కిందకి లాక్కుంది. వాటికి అప్పటికే రెక్కలు చాలడం లేదు.

“పని ఒకడిది, పేరు ఒకడిది” అన్నాడు సింహాద్రి. “సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. పైగా ఆ సోకుతో మనల్నే నంజుకు తినబోతున్నాడు.”

మంగతాయి సిగ్గుతో తల ఎత్తలేదు. నమ్మి కాగితం ఇచ్చింది తనే. ముద్ర వేసింది తనే. వీధి మొత్తం చేత వేయించింది కూడా తనే. కొండనాలికకి మందేయబోయి ఉన్న నాలిక ఊడగొట్టింది. ఒళ్ళు దులుపుకుని నేరుగా బంగారయ్య దగ్గరకి నడిచింది.

ఆయన ఎగువ వీధిలో, కాలువ నీళ్ళు ఆపడానికి దించే పలక సరిచేస్తున్నాడు. విషయమంతా విని, “పోనీలే తల్లీ” అన్నాడు. “పేరు ఎవరికొస్తేనేం? కాలువ పారితే అదే చాలు.”

“మరి నా పిల్లలో?”

“పిల్లలేమిటి?”

పెరడు సంగతి చెప్పింది. బంగారయ్య పట్టుకున్న పలక జారి కింద పడింది. “నాకు సభల్లో మాట్లాడడం చేతకాదు, మంగతాయీ. నోరు తెరిస్తే ఓండ్ర వస్తుంది, జనం నవ్వుతారు” అన్నాడు.

“మీరు మాట్లాడొద్దు. ఊరికే ఉండండి. మాట సంగతి నాకు వదిలేయండి.”

అక్కడి నుంచి వేదవల్లమ్మ దగ్గరకి వెళ్ళింది. ఏనుగమ్మ అర్జీ తీసి తొండంతో ముందుకు చాపింది.

“ఈ ముద్ర నీదేనా?”

“నాదేనమ్మగారూ. కానీ...”

“ఈ నలభై?”

“మా వీధివాళ్ళవేనండి. కానీ నేను చెప్పిన పేరు అది కాదు.”

“నువ్వు కాదంటున్నావు, కాగితం ఔనంటోంది. ఆ రోజు నేను అక్కడ లేను. ఎవరిది నిజమని తేల్చను?” వేదవల్లమ్మ మాట కరకుగా లేదు గానీ, కదిలేలానూ లేదు. “మన పురసభకి ఒక పద్ధతి ఉంది. సన్మానం పొందేవాళ్ళ గురించి సభలో ఎవరైనా లేచి రెండు ముక్కలు చెప్పొచ్చు. నీకు చెప్పాల్సింది ఉంటే అక్కడే చెప్పు.”

మంగతాయి తిరిగొస్తూ దారంతా ఆలోచించింది. సభలో లేచి అబద్ధమంటే ఏమవుతుంది? నక్క కాగితం చూపిస్తాడు. తను గొంతు పెంచుతుంది, వాడు కళ్ళు తుడుచుకుంటాడు. గయ్యాళి కోడి అని అందరూ తననే కూర్చోబెడతారు. నక్కని తిట్టినవాళ్ళు ఎవరూ నెగ్గలేదు. మరి పొగిడితే?

అక్కడికక్కడే వెనక్కి తిరిగి మళ్ళీ ఏనుగమ్మ ముందు నిలబడింది. “అమ్మగారూ, ఒక్క మనవి. ఆ సన్మానమేదో మా వీధిలోనే, ఆ తూము పక్కనే చేయించండి.”

వేదవల్లమ్మ సరేనంది. చిదానందం అయితే ఉబ్బిపోయాడు. “సేవ చేసినచోటే సన్మానం! ఎంత ఔచిత్యం! ఆ కోడికి బుర్ర ఉందే!” అన్నాడు. పందిరి పని బంగారయ్యకి అప్పజెప్పాడు. “మూడు రోజులు మరే పనీ చూడొద్దు. గుంజలు మొయ్యి, అరటి బోదెలు మొయ్యి, మామిడాకులు మొయ్యి. సన్మానం రోజున పందిరి వెనక నిలబడు, ముందుకి రాకు. గాడిదకేం తెలుసు గంధపు వాసన!”

బంగారయ్య మూడు రోజులు మోశాడు. ఆ మూడు రోజులూ తూములో చెవి పెట్టినవాళ్ళు లేరు. పందిరి కట్టేవాళ్ళు తెంపి పారేసిన ఆకులూ బోదెల ముక్కలూ కాలువలో పడి, మెల్లగా కొట్టుకుపోయి, ఒకదాని మీద ఒకటి తూము నోట్లో ఇరుక్కున్నాయి.

సన్మానం రోజు పొద్దున్న బంగారయ్య తూము దగ్గర ఆగి చెవి రిక్కించాడు. ముఖం మారిపోయింది. “ఊపిరాడడం లేదు దీనికి. ఇప్పుడే దిగుతాను” అన్నాడు.

మంగతాయి అడ్డం నిలబడింది. “ఈ ఒక్క పూట వద్దు, బాబూ.”

“నీళ్ళు ఎక్కుతాయి, తల్లీ!”

“ఎక్కనివ్వండి. పిల్లల్ని, ముసలివాళ్ళని సింహాద్రి అరుగు మీదికి చేర్చేశాను. గూళ్ళలో గింజ కూడా లేదు. ఒక్క గంట ఓపిక పట్టండి.”

పన్నెండేళ్ళ ఉద్యోగంలో పని కళ్ళెదుట పెట్టుకుని ఊరుకున్నది ఆయనకి అదే మొదలు. పందిరి వెనక నిలబడ్డాడన్న మాటే గానీ, ఆయన చెవులు రెండూ తూము వైపే తిరిగి ఉన్నాయి.

సభ నిండింది. ఎగువ వీధుల నుంచి ఎద్దులు, గేదెలు, కుక్కలు వచ్చాయి. వేదవల్లమ్మ మధ్యలో కూర్చుంది. చిదానందం పట్టుకండువా వేసుకుని, తోక దువ్వుకుని వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. తను రాసుకున్న సన్మానపత్రం మరొకరు చదివితే తప్పులు దొర్లుతాయని తనే లేచి చదివాడు.

“...ఆ మహనీయుని సేవ అనన్యసామాన్యం. కళ్ళు మూసుకుని కూడా ఏ తూములో ఏ రాయి ఎక్కడుందో చెప్పగలరు. ఎంతటి అడ్డునైనా రెండు నిమిషాల్లో తీసివేయగలరు. బురద వారికి పన్నీరు. మురుగు వారికి గంగ...”

చప్పట్లు కొట్టారు. “ఎవరైనా రెండు ముక్కలు చెబుతారా?” అంది వేదవల్లమ్మ.

మంగతాయి ఎగిరి బల్ల మీద వాలింది. చిదానందం ఒక కన్ను చిన్నది చేశాడు.

“అమ్మగారికీ పెద్దలకీ దండాలు. నేను చదువు రానిదాన్ని. నిరుడు వానలో నన్ను మోసుకెళ్ళింది ఎవరో ఇన్నాళ్ళూ పొరబడ్డాను. వాన జోరులో చెవులు పొడుగ్గా కనిపించాయి, అదీ కారణం. చిదానందంగారేనని కాగితం చదివాకే తెలిసింది. ఎంత గొప్ప మనసు! ఏడాదిపాటు ఒక్కసారైనా నేనేనని చెప్పుకున్నారా? చెప్పుకోలేదు!”

సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది. చిదానందం కన్ను మామూలు సైజుకి వచ్చింది. నవ్వుతూ తల వంచాడు.

“ఇలాంటి మహానుభావుడు మా వీధికి వచ్చిన రోజే మా తూము మొరాయించింది, చూడండి!”

అందరూ కిందకి చూశారు. నిజమే. కాలువ నీళ్ళు గట్టు దాటి పందిట్లోకి వచ్చేస్తున్నాయి. ముందు వరసలో ఎద్దు కాళ్ళెత్తి కూర్చుంది. కుక్కలు బల్లలెక్కాయి.

“భయపడకండి!” అంది మంగతాయి. “రెండు నిమిషాల పని. ఇప్పుడే కదా చదివారు. బాబుగారూ, పట్నం మొత్తం ఉంది. మీ సేవ వినడమే గానీ కళ్ళారా చూసే భాగ్యం వీళ్ళకి కలగలేదు. ఒక్కసారి దిగండి!”

“దిగండి బాబూ, దిగండి!” అని నలభై గడపలూ ఒక్కసారే కూశాయి. ఎగువ వీధులవాళ్ళకి కూడా ఉత్సాహం వచ్చింది. “దిగాలి, దిగాలి!”

చిదానందం గొంతు సవరించుకున్నాడు. “తప్పకుండా. కానీ శుభమా అని సన్మానం జరిగే వేళ... పట్టుకండువా...”

“ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను.”

“నిన్నటి నుంచి కాస్త జలుబు...”

“నెలరోజులు దగ్గినవారు మీరు! మీకు జలుబొక లెక్కా?”

“ముహూర్తం దాటిపోతుంది, చెల్లెమ్మా!”

“రెండు నిమిషాలకి ఏ ముహూర్తమూ దాటదు, చిదానందం” అంది వేదవల్లమ్మ. ఆవిడ పాదాలు కూడా తడుస్తున్నాయి. “నీ పత్రంలో నువ్వే రాశావుగా. కానియ్యి.”

ఇక తప్పలేదు. చిదానందం కాలువ దాకా నడిచాడు. తూము ఏ వైపుందో ఆయనకి తెలియదు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. ఒకచోట పచ్చగా, చదునుగా, గడ్డి పరిచినట్టు కనిపించింది. అక్కడ నిలబడి ఆలోచిద్దామని హుందాగా కాలు వేశాడు.

అది గట్టు కాదు, నీళ్ళ మీద తేలే నాచు.

బుడుంగుమని మునిగాడు. పైన తోక ఒక్కటే మిగిలింది. అది గిలగిలా కొట్టుకుంది. తరవాత ముక్కు తేలింది. ముక్కు వెంట అరుపు తేలింది.

“బంగారయ్యా! ఒరేయ్ బంగారయ్యా! ఎక్కడున్నావు? రా! ఈ తూము సంగతి నీకే కదా తెలుసు! వరదలో తీసింది నువ్వే కదా! ఏ రాయి ఎక్కడుందో నాకేం తెలుసు, చచ్చిపోతున్నాను, రా!”

ఏనుగమ్మ చెవులు రెండూ విప్పారాయి. అయితే బంగారయ్య ఆ మాటల్లో ఒక్కటీ పట్టించుకోలేదు. ‘చచ్చిపోతున్నాను’ అన్నది మాత్రమే విన్నాడు. పందిరి వెనక నుంచి ఒక్క దూకు దూకి వచ్చేశాడు.

“సింహాద్రీ, తాడు! నూకరాజూ, ఎగువన పలక దించమను, నీళ్ళు ఆగుతాయి! ఎద్దుగారూ, మీరు కాస్త వెనక్కి, గట్టు మెత్తగా ఉంది!” సభలో మాట్లాడడం చేతకాదన్నవాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పురమాయించాడు. నీళ్ళలోకి దిగుతోంటే ఆయన కాళ్ళు అడుగున రాళ్ళని వాటంతటవే వెతుక్కున్నాయి. ఒకటి, రెండు, మూడో మెట్టు. “పట్టుకోండి కార్యదర్శిగారూ, నా కాళ్ళు పట్టుకోండి! వదలకండి!”

చిదానందం రెండు చేతులా గాడిద కాళ్ళు వాటేసుకున్నాడు.

“వసుదేవుడంతటివాడు పట్టుకున్నాడు, ఈయనెంత!” అని సింహాద్రి తాడు విసురుతూ అన్నాడు. నవ్వు మొదట అరుగు మీద ముసలి పెట్ట దగ్గర పుట్టి, పందిరి చివరిదాకా పాకింది.

నక్కని గట్టుమీదకి తోసి బంగారయ్య తూము వైపు తిరిగాడు. వెనక కాళ్ళు రెండూ ఎత్తి ఒక్క తాపు తన్నాడు. లోపల ఏదో గడగడమంది. ఇంకో తాపు. అరటి బోదెలు, మామిడాకులు, గుంజ ముక్కలు, మూడు రోజుల చెత్త భళ్ళున గెడ్డలో పడింది. దాంతోపాటు చిదానందం పట్టుకండువా, సన్మానపత్రం కూడా కొట్టుకుపోయాయి. కండువా పట్టుకుంటానన్న మంగతాయి కోలాహలంలో ఎప్పుడో వదిలేసింది. కావాలనే వదిలిందని కొందరంటారు.

నీళ్ళు తీశాయి. బంగారయ్య పైకి వచ్చి చెవులు విదిలించి, అలవాటు చొప్పున తూములోకి ఒకసారి విని, తల ఊపి, మళ్ళీ పందిరి వెనక్కి వెళ్ళబోయాడు.

“ఆగు, బంగారయ్యా” అంది వేదవల్లమ్మ.

ఆయన ఆగాడు. ఒళ్ళంతా బురద కారుతోంది. ఏం తప్పు చేశానోనని మంగతాయి వైపు చూశాడు.

“తప్పులో నా పాలూ ఉంది” అని ఏనుగమ్మ సభ అంతటికీ వినిపించేలా చెప్పింది. “పన్నెండేళ్ళు కాగితాలు చూశాను గానీ కాలువ చూడలేదు. ఇవాళ కోడి చూపించింది. నూకరాజూ, శాలువా తే.”

“అమ్మగారూ, వద్దండి” అని బంగారయ్య వెనక్కి తగ్గాడు. “ఒళ్ళంతా మురుగు. కొత్త శాలువా పాడవుతుంది. కడుక్కుని వస్తాను.”

“కడుక్కోవద్దు. ఈ సన్మానం ఆ బురదకే.”

తొండంతో శాలువా పైకెత్తి ఆయన వీపు మీద కప్పింది. దండ వేసింది. పల్లపువీధి కోళ్ళన్నీ ఎగిరి ఆయన చుట్టూ వాలాయి. పదకొండు పిల్లలూ అరుగు మీంచి ఉరికి ఆయన కాళ్ళ మధ్య పరుగులు పెట్టాయి. బంగారయ్యకి ఎటు చూడాలో తెలియలేదు. సంతోషం పట్టలేక నోరు తెరిచేసరికి తను భయపడ్డట్టే పెద్ద ఓండ్ర వచ్చింది. జనం నవ్వారు కూడా. ఆ నవ్వు వింటే నొచ్చుకోవాల్సిందేమీ లేదని ఆయనకే అర్థమైంది. ఇంకోసారి పెట్టాడు.

“ఇప్పుడు నీ కోరిక చెప్పు” అంది వేదవల్లమ్మ.

“ఈ తూము మా తాతలనాటిది అమ్మగారూ, ఇరుకు. వానలు పడేలోగా దీని వెడల్పు రెండింతలు చేయించండి. పల్లపువీధివాళ్ళు ఎక్కడికీ కదలక్కరలేదు.”

మంగతాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పెద్ద నోరున్నావిడకి ఆ క్షణాన ఒక్క మాటా దొరకలేదు.

పందిరి వారన చిదానందం తోక పిండుకుంటూ మెల్లగా జారుకోబోతున్నాడు. ఏనుగు తొండం అడ్డం వచ్చింది.

“ఎక్కడికి, చిదానందం? నీ సేవ గురించి అంత అందంగా రాసుకున్నావు. అది వృథా పోకూడదు. రేపటి నుంచి కచేరీలో నీ కుర్చీ నూకరాజు చూసుకుంటాడు. తూము పని ముగిసేదాకా నువ్వు బంగారయ్య చేతి కింద ఉండు. బురద పన్నీరన్నావు, మురుగు గంగ అన్నావు. తనివితీరా మునుగు.”

మర్నాడు తెల్లవారగానే మంగతాయి గూడు తలుపు తీసేసరికి తూము దగ్గర ఇద్దరు కనిపించారు. బంగారయ్య చెవి పెట్టి వింటున్నాడు. నడుములోతు మురుగులో చిదానందం పార పట్టుకుని నిలబడ్డాడు. “ఇంకా ఎడమకి, కార్యదర్శిగారూ, ఇంకాస్త లోపలికి” అని బంగారయ్య ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. గట్టున పదకొండు కోడిపిల్లలు వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కొక్కటీ మంచి కండ పట్టి, చేతికి అందేంత దూరంలో ఉంది. చిదానందం వాటి వైపు కన్నెత్తి చూద్దామనుకున్నాడు గానీ, పార ఆపితే నీళ్ళు మెడదాకా వచ్చేస్తున్నాయి.

నీతి: ఇంకొకరి పనికి తన పేరు పెట్టుకున్నవాడు, ఏదో ఒకనాడు ఆ పనిలోకి దిగి చూపించక తప్పదు.